గో టూల్‌తో కోడ్ నిర్వహణ: తరచుగా అడిగే ప్రశ్నలు

గో భాష సింటాక్స్ తొందరగానే పట్టుబడుతుంది. కొత్తవాళ్లు ఇరుక్కునేది "గో" అనే కమాండ్ దగ్గర. లైబ్రరీ ఎలా తెచ్చుకోవాలి, ఫోల్డర్లు ఎలా పెట్టుకోవాలి, నిన్నటిదాకా బిల్డ్ అయిన కోడ్ ఇవాళ ఎందుకు మొరాయిస్తోంది లాంటివి. నెట్‌లో వెతికితే జవాబులు దొరుకుతాయి, కానీ ఏ జవాబు ఏ కాలానిదో చూసుకోకపోతే సమస్య ఇంకాస్త ముదురుతుంది. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం.

కమాండ్లు, ఫైల్ పేర్లు అన్నీ తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో టైప్ చేయాలి. గోపాత్, గోప్రాక్సీ లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (టూల్ చదువుకునే సిస్టమ్ సెట్టింగులను) పెద్దక్షరాల్లో రాయాలి.

గో కమాండ్ అంటే కంపైలరేనా?

కంపైలర్ అందులో ఒక భాగం మాత్రమే. గో కమాండ్ కోడ్‌ను కంపైల్ చేయిస్తుంది, లింక్ చేయిస్తుంది, టెస్టులు నడుపుతుంది, ఫార్మాట్ చేస్తుంది, బయటి లైబ్రరీలను దింపి వాటి వెర్షన్ల లెక్క చూసుకుంటుంది. జావాలో మావెన్, గ్రేడిల్, జావాస్క్రిప్ట్‌లో ఎన్‌పీఎం చేసే పనులు ఇక్కడ భాషతోపాటే వస్తాయి.

మొదట్లో ఇలా ఉండేది కాదు. రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ 2007లో గూగుల్‌లో ఈ భాష మొదలుపెట్టారు. 2009 నవంబర్‌లో బయటికి విడుదల చేసినప్పుడు మేక్‌ఫైల్స్ (బిల్డ్ ఎలా చేయాలో చెప్పే ఫైళ్లు) రాసుకోవాల్సి వచ్చేది. 2012 మార్చిలో గో 1 వచ్చినప్పుడు దానితోపాటే గో కమాండ్ కూడా వచ్చింది. దాని వెనక ఉన్న ఆలోచన ఒక్కటే: విడిగా బిల్డ్ ఫైల్ అక్కర్లేదు, సోర్సులోని ఇంపోర్ట్ లైన్లు చూస్తే ఏం కావాలో తెలిసిపోవాలి. ఇప్పటికీ ఈ టూల్ అన్నిటికన్నా ముందు చూసేది మీ ఇంపోర్ట్ లైన్లనే. కింద వచ్చే జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇన్‌స్టాల్ చేసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఉబుంటులో ఆప్ట్ ద్వారా వచ్చే వెర్షన్ చాలాసార్లు పాతది. గో అధికారిక సైటు నుంచి దింపుకోవడమే మేలు. లైనక్స్‌లో పాత గో ఫోల్డర్ మీదే కొత్తది విప్పొద్దు. పాతదాన్ని పూర్తిగా తీసేసి, తర్వాత కొత్తది విప్పండి. రెండు వెర్షన్ల ఫైళ్లు కలిసిపోతే వచ్చే ఎర్రర్లకు తలా తోకా ఉండవు.

కొత్త వెర్షన్లు ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి వస్తాయి. సెక్యూరిటీ సవరణలు చివరి రెండు పెద్ద వెర్షన్లకే అందుతాయి. కాబట్టి ఏడాది దాటిన వెర్షన్ మీద ప్రొడక్షన్ నడుపుతుంటే ఆ సవరణలు మీకు చేరడం లేదన్నమాటే.

గోపాత్ సెట్ చేయాలని ట్యుటోరియల్‌లో ఉంది. చేయాలా?

అక్కర్లేదు. ఆ ట్యుటోరియల్ పాతది.

ఇక్కడ కాస్త చరిత్ర తెలిసుంటే చాలా సమయం మిగులుతుంది. మొదటి కాలంలో మీ కోడ్ అంతా గోపాత్ అనే ఒకే ఫోల్డర్ కింద, దానిలోని "సోర్స్" (ఎస్ఆర్‌సీ) ఫోల్డర్‌లో ఉండాలి. ఏ లైబ్రరీకైనా మెషిన్ మొత్తానికి ఒకే కాపీ. ఒక ప్రాజెక్టుకు పాత వెర్షన్, ఇంకోదానికి కొత్త వెర్షన్ కావాలంటే తిప్పలే. ఆ లోటు పూడ్చడానికి డెప్, గ్లైడ్, గోడెప్ లాంటి బయటి టూల్స్ పుట్టుకొచ్చాయి. 2018 ఆగస్టులో గో 1.11తో మాడ్యూల్స్ ప్రయోగాత్మకంగా వచ్చాయి. మాడ్యూల్ అంటే ఒకే గో.మాడ్ ఫైల్ కింద, ఒకే వెర్షన్ నంబరుతో కలిసి ఉండే కోడ్. 2021 ఫిబ్రవరిలో 1.16తో అవే డిఫాల్ట్ అయ్యాయి. 2022 మార్చిలో 1.18 నుంచి గో గెట్ ప్రోగ్రామ్‌లను ఇన్‌స్టాల్ చేయడం పూర్తిగా మానేసింది.

అందుకని మీకు దొరికిన జవాబులో "గో111మాడ్యూల్" అనే వేరియబుల్‌ను ఆన్ చేయమని ఉంటే అది మధ్యకాలం నాటిది. కోడ్‌ను గోపాత్ సోర్స్ ఫోల్డర్‌లోకి మార్చమని ఉంటే ఇంకా పాతది. రెండిటినీ పక్కన పెట్టేయండి. గోపాత్ పూర్తిగా పోలేదు, దింపిన లైబ్రరీల కాపీలు, ఇన్‌స్టాల్ చేసిన బైనరీలు ఇప్పటికీ దానికిందే ఉంటాయి. మీరు ఏమీ చెప్పకపోతే హోమ్ ఫోల్డర్‌లో "గో" అనే పేరుతో అదే తయారు చేసుకుంటుంది.

కొత్త ప్రాజెక్ట్ ఎలా మొదలుపెట్టాలి? మాడ్యూల్‌కు ఏం పేరు పెట్టాలి?

ఎక్కడైనా ఒక ఫోల్డర్ చేసుకుని, దాంట్లోకి వెళ్లి ఇది కొట్టండి:

గో మాడ్ ఇనిట్ ఎగ్జాంపుల్.కామ్/బిల్లు

గో.మాడ్ అనే చిన్న ఫైల్ తయారవుతుంది. ఒక లైబ్రరీ చేర్చాక అది ఇలా ఉంటుంది:

మాడ్యూల్ ఎగ్జాంపుల్.కామ్/బిల్లు
గో 1.24.0
రిక్వైర్ గిట్‌హబ్.కామ్/గూగుల్/యుయుఐడి వి1.6.0

మొదటి లైను మీ మాడ్యూల్ పేరు, రెండోది కనీసం ఉండాల్సిన గో వెర్షన్, మూడోది కావాల్సిన లైబ్రరీ. కోడ్‌ను ఎప్పటికైనా గిట్‌హబ్‌లోనో గిట్‌ల్యాబ్‌లోనో పెట్టే ఉద్దేశం ఉంటే ఆ రిపో అడ్రసునే పేరుగా పెట్టండి, ముందున్న హెచ్‌టీటీపీఎస్ లేకుండా. వేరేవాళ్లు మీ లైబ్రరీని ఇంపోర్ట్ చేసినప్పుడు టూల్ ఆ పేరును పట్టుకునే కోడ్ ఎక్కడుందో వెతుక్కుంటుంది. మీ మెషిన్ దాటని ప్రోగ్రామ్ అయితే ఏ పేరైనా ఫర్వాలేదు, కానీ "టైమ్", "లాగ్" లాంటి పేర్లు మాత్రం పెట్టకండి. అలాంటి ఒంటిమాట పేర్లు గోతోపాటు వచ్చే ప్యాకేజీల పేర్లతో కలిసిపోయే ప్రమాదం ఉంది.

"గో.మాడ్ ఫైల్ నాట్ ఫౌండ్ ఇన్ కరెంట్ డైరెక్టరీ ఆర్ ఎనీ పేరెంట్ డైరెక్టరీ" అని వస్తోంది.

మీరున్న ఫోల్డర్‌లోగానీ దానికి పైన ఎక్కడాగానీ గో.మాడ్ లేదని అర్థం. ముందు సరైన ఫోల్డర్‌లో ఉన్నారో లేదో చూసుకోండి. ఎడిటర్‌లో ఒక ఫోల్డర్ తెరిచి ఉండి, టెర్మినల్ ఇంకో చోట ఉండటం మామూలే. ఫోల్డర్ సరైనదే అయితే పైన చెప్పిన ఇనిట్ కొట్టలేదన్నమాట.

రెండు ఫైళ్లున్నాయి. మెయిన్.గో నడిపితే రెండో ఫైల్‌లోని ఫంక్షన్ "అన్‌డిఫైన్డ్" అంటోంది. ఫైల్ పక్కనే ఉంది కదా?

ఉంది, కానీ మీరు టూల్‌కు చెప్పింది ఒక్క ఫైల్ పేరే. "గో రన్ మెయిన్.గో" అంటే ఆ ఫైల్ ఒక్కటే ప్యాకేజీ అనుకుని కంపైల్ చేస్తుంది, పక్క ఫైళ్ల వైపు చూడదు. ఫైల్ పేరు తీసేసి ఒక చుక్క పెట్టండి:

గో రన్ .

చుక్క అంటే "ఈ ఫోల్డర్‌లో ఉన్న ప్యాకేజీ మొత్తం". గోలో లెక్క ఫైల్‌తో కాదు, ఫోల్డర్‌తో. ఒక ఫోల్డర్ ఒక ప్యాకేజీ, అందులోని ఫైళ్లన్నీ ఒకదాన్నొకటి ఇంపోర్ట్ లేకుండానే చూసుకుంటాయి. మూడు చుక్కలు (./...) పెడితే ఈ ఫోల్డర్, దీని కిందున్న ఫోల్డర్లన్నీ అని అర్థం. ఫైల్ పేరుతో నడిపే అలవాటు మానేస్తే ఈ ఎర్రర్ మళ్లీ కనపడదు.

ఫోల్డర్ల అమరిక ఎలా ఉండాలి?

చిన్న ప్రోగ్రామ్ అయితే అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. మొదటి రోజే పది ఫోల్డర్ల అస్థిపంజరం కట్టక్కర్లేదు. జావా నుంచి వచ్చినవాళ్లకు ఈ తొందర ఎక్కువ. "సోర్స్" ఫోల్డర్ అవసరమే లేదు. ఒకే రిపోలో ఒకటికన్నా ఎక్కువ ప్రోగ్రామ్‌లు ఉంటే "సీఎండీ" ఫోల్డర్ కింద ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్ పెట్టడం వాడుక. "ఇంటర్నల్" అనే పేరుకు మాత్రం టూల్ నిజంగానే విలువ ఇస్తుంది. ఆ ఫోల్డర్‌లోని కోడ్‌ను బయటి మాడ్యూల్స్ ఇంపోర్ట్ చేయబోతే బిల్డ్ ఆగిపోతుంది. మీరు ముందు ముందు మార్చే అవకాశం ఉన్న కోడ్‌ను అందులో పెట్టుకోండి.

ఒక హెచ్చరిక: రెండు ప్యాకేజీలు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవడం గోలో కుదరదు. ఫోల్డర్లు ఎక్కువ చేసేకొద్దీ ఈ ముడి పడే అవకాశం పెరుగుతుంది.

గో గెట్, గో ఇన్‌స్టాల్, గో మాడ్ టైడీ, గో మాడ్ డౌన్‌లోడ్. ఏది ఎప్పుడు?

ఎక్కువ గందరగోళం ఇక్కడే. ప్రతి కమాండ్ దేన్ని మారుస్తుందో చూస్తే విషయం తేలిపోతుంది.

గో గెట్ మీ గో.మాడ్‌ను మారుస్తుంది. లైబ్రరీ చేర్చడానికి, వెర్షన్ పైకో కిందికో మార్చడానికి దాన్ని వాడండి. పేరు చివర @ పెట్టి వెర్షన్ రాస్తే అదే వెర్షన్, @లేటెస్ట్ అంటే కొత్తది, @నన్ అంటే తీసేయమని.

గో ఇన్‌స్టాల్ మీ ప్రాజెక్టును ముట్టుకోదు. @ తర్వాత వెర్షన్ ఇస్తే ఆ ప్రోగ్రామ్‌ను విడిగా బిల్డ్ చేసి, హోమ్‌లో గో/బిన్ ఫోల్డర్‌లో పెడుతుంది. ఇన్‌స్టాల్ చేశాక "కమాండ్ నాట్ ఫౌండ్" వస్తే ఆ ఫోల్డర్ మీ పాత్‌లో (ప్రోగ్రామ్‌ల కోసం టెర్మినల్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) లేదని అర్థం.

గో మాడ్ టైడీ మీ కోడ్‌లోని ఇంపోర్ట్‌లన్నీ చదివి, గో.మాడ్‌ను వాటికి సరిపోయేలా దిద్దుతుంది. లేనివి చేరుస్తుంది, వాడనివి తీసేస్తుంది. మీరు వాడుతున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కే కాక మిగతావాటికి రాసిన ఫైళ్లను, టెస్టులను కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, మీ మెషిన్ మీద ఎప్పుడూ కంపైల్ కాని లైబ్రరీ పేరు గో.మాడ్‌లో కనిపించినా కంగారు పడొద్దు.

గో మాడ్ డౌన్‌లోడ్ దింపి క్యాష్‌లో పెట్టడంతో సరి. దీని అసలు ఉపయోగం డాకర్ ఇమేజ్ కట్టేటప్పుడు. ముందు గో.మాడ్, గో.సమ్ మాత్రమే కాపీ చేసి ఈ కమాండ్ నడిపి, తర్వాత మిగతా కోడ్ కాపీ చేస్తే, కోడ్ మారిన ప్రతిసారీ లైబ్రరీలన్నీ మళ్లీ దిగవు.

రోజువారీ పనిలో మీకు నిజంగా కావాల్సింది టైడీయే. కోడ్‌లో ఇంపోర్ట్ రాయండి, టైడీ కొట్టండి, కమిట్ చేయండి. గో.మాడ్‌లో చేత్తో లైన్లు రాయాల్సిన అవసరం చాలా అరుదు.

రెండు లైబ్రరీలు ఒకే మూడో లైబ్రరీని వేర్వేరు వెర్షన్లలో అడిగితే ఏది వస్తుంది?

అడిగినవాటిలో పెద్దది వస్తుంది. అంతకుమించి ఒక్క మెట్టు కూడా పైకి పోదు. ఇలా అనుకోండి: మీ ప్రోగ్రామ్‌కు ఏ, బీ అనే లైబ్రరీలు కావాలి. ఏ "నాకు సీ కనీసం 1.3 ఉండాలి" అంటుంది. బీ "కనీసం 1.5" అంటుంది. బయట సీ 1.9 దాకా విడుదలైపోయింది. మీకు వచ్చేది 1.5.

ఇంట్లో ఫంక్షన్‌కు టైము పెట్టేటప్పుడు ఒకరు నాలుగింటికి ముందు రాలేనంటే, ఇంకొకరు ఆరింటికి ముందు కుదరదంటే, ఆరింటికే పెట్టుకుంటాం తప్ప రాత్రి తొమ్మిదికి పెట్టుకోం కదా. అదీ లెక్క. దీన్ని మినిమల్ వెర్షన్ సెలెక్షన్ అంటారు. గో టీమ్‌లోని రస్ కాక్స్ 2018లో ప్రతిపాదించిన పద్ధతి ఇది.

మిగతా భాషల టూల్స్ సాధారణంగా సరిపోయేవాటిలో కొత్తదాన్ని ఎంచుకుంటాయి, అందుకే వాటికి లాక్ ఫైల్ విడిగా ఉంటుంది. ఇక్కడ ఎవరో రాత్రికి రాత్రి కొత్త వెర్షన్ విడుదల చేసినా, మీరు అడగనంతవరకూ మీ బిల్డ్ మారదు. దీనికీ ఒక ఖరీదుంది: బగ్ సవరణలు కూడా వాటంతట అవి రావు. అప్‌గ్రేడ్ చేసే బాధ్యత మీదే.

"ఇన్‌డైరెక్ట్" అని కామెంట్ ఉన్న లైన్లు ఇన్ని ఎందుకున్నాయి? తీసేయొచ్చా?

తీయొద్దు. మీ కోడ్ నేరుగా ఇంపోర్ట్ చేయని, మీ లైబ్రరీలకు కావాల్సిన లైబ్రరీలవి. గో 1.17 నుంచి వాటిని కూడా గో.మాడ్‌లో రాస్తున్నారు, విడి బ్లాకులో. వీటివల్ల టూల్ ప్రతి లైబ్రరీ గో.మాడ్‌నూ దింపి చదవాల్సిన పని తగ్గింది. ఒక లైబ్రరీ ఎందుకొచ్చిందో తెలియకపోతే "గో మాడ్ వై -ఎం" తర్వాత దాని పేరు రాయండి. మీ ప్యాకేజీ నుంచి దాని దాకా ఇంపోర్ట్ గొలుసు చూపిస్తుంది.

గో.సమ్ ఫైల్‌ను గిట్‌లో పెట్టాలా?

పెట్టాలి. చాలామంది దీన్ని లాక్ ఫైల్ అనుకుంటారు, కాదు. వెర్షన్లు తేల్చేది గో.మాడ్. గో.సమ్‌లో ఉండేవి దింపిన ప్రతి మాడ్యూల్‌కు లెక్కకట్టిన హ్యాష్‌లు, అంటే ఆ కోడ్‌కు వేలిముద్రల్లాంటివి. ఈసారి దిగిన కోడ్, మొదటిసారి దిగిన కోడ్ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా అని టూల్ వాటితో పోల్చి చూస్తుంది. పాత వెర్షన్ల హ్యాష్‌లు మిగిలిపోయి ఫైల్ పొడుగ్గా కనిపించినా నష్టం లేదు.

"చెక్‌సమ్ మిస్‌మ్యాచ్" ఎర్రర్ వస్తే గో.సమ్ చెరిపేసి మళ్లీ తయారు చేయమని సలహా దొరుకుతుంది. అది దొంగ వచ్చాడని మొరుగుతున్న కుక్కను కట్టేయడమే. ఎవరైనా పాత ట్యాగ్‌ను (గిట్‌లో ఒక వెర్షన్‌కు వేసే గుర్తును) జరిపి కొత్త కోడ్ మీద పెట్టారా అన్నది ముందు చూడండి. చాలావరకు కారణం అదే అవుతుంది, కానీ అదో కాదో తేలాకే మిగతా పని.

లైబ్రరీలను అప్‌గ్రేడ్ చేయడం ఎలా?

ముందు ఏవి పాతబడ్డాయో చూడండి:

గో లిస్ట్ -ఎం -యూ ఆల్

కొత్త వెర్షన్ ఉన్నవాటి పక్కన అది స్క్వేర్ బ్రాకెట్లలో కనిపిస్తుంది. తర్వాత ఒక్కోదాన్నీ గో గెట్‌తో పెంచి, టెస్టులు నడిపి, విడి కమిట్ చేయండి. "గో గెట్ -యూ ./..." అంటే అన్నీ ఒకేసారి పెరుగుతాయి. ఏదైనా విరిగితే కారణం ఏదో వెతుక్కోవడానికి సాయంత్రం దాకా పడుతుంది. సవరణలు మాత్రమే కావాలంటే "-యూ=ప్యాచ్" ఉంది.

సెక్యూరిటీ లోపాల కోసమైతే గోవల్న్‌చెక్ అనే టూల్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోండి. గో టీమ్ తయారు చేసిందే. లోపం ఉన్న లైబ్రరీ మీ జాబితాలో ఉందని చెప్పి వదిలేయదు. లోపం ఉన్న ఆ ఫంక్షన్ దాకా మీ కోడ్ నిజంగా వెళ్తోందా అన్నది చూస్తుంది. ఉత్తుత్తి హెచ్చరికలు తగ్గడం వల్ల జనం దాన్ని చదువుతారు.

నా మెషిన్‌లో గో 1.22 ఉంది. ప్రాజెక్ట్ నడిపితే ఇంకేదో వెర్షన్ దింపుకుంటోంది. వైరసా?

కాదు. 2023 ఆగస్టులో వచ్చిన 1.21 నుంచి ఇదే పద్ధతి. గో.మాడ్‌లో ఉన్న వెర్షన్ మీ దగ్గరున్నదానికన్నా కొత్తదైతే టూల్ ఆ వెర్షన్‌ను తనే తెచ్చుకుని పని కానిస్తుంది. అలా వద్దనుకుంటే గోటూల్‌చెయిన్ వేరియబుల్‌ను "లోకల్" చేయండి. అప్పుడు దింపే బదులు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

1.20 గానీ అంతకన్నా పాతదిగానీ వాడేవాళ్లకు ఇంకో చిక్కు. గో.మాడ్‌లో 1.21.0 అని మూడు అంకెలు కనిపిస్తే వాటికి అర్థం కాదు. "ఇన్‌వాలిడ్ గో వెర్షన్ 1.21.0: మస్ట్ మ్యాచ్ ఫార్మాట్ 1.23" అంటాయి. ఆ 1.23 చూసి ఆ వెర్షన్ దింపుకోవాలేమో అనుకుని తికమక పడ్డవాళ్లు చాలామంది. అది ఊరికే నమూనా, రెండు అంకెలే ఉండాలని చెప్పడానికి రాసిందే. గో.మాడ్ దిద్దకుండా మీ గోను అప్‌గ్రేడ్ చేయండి.

ఆఫీసు ప్రైవేట్ రిపోలోని లైబ్రరీ దిగడం లేదు.

2019లో 1.13 నుంచి గో టూల్ లైబ్రరీలను డిఫాల్ట్‌గా గూగుల్ నడిపే ప్రాక్సీ సర్వర్ ద్వారా దింపుతుంది, హ్యాష్‌లను పబ్లిక్ డేటాబేస్‌తో సరిచూస్తుంది. మీ ప్రైవేట్ రిపో ఆ రెండిటికీ కనపడదు. ఆ అడ్రసు ప్రైవేట్ అని మీరే చెప్పాలి:

గో ఎన్వ్ -డబ్ల్యూ గోప్రైవేట్=గిట్.ఎగ్జాంపుల్.కామ్

మీ కంపెనీ రిపో పేర్లు బయటి సర్వర్‌కు వెళ్లకుండా ఉండటానికీ ఇది అవసరమే. ఇది చేశాక కూడా "టెర్మినల్ ప్రాంప్ట్స్ డిజేబుల్డ్" అని వస్తే ఇబ్బంది గో వల్ల కాదు, గిట్ వల్ల. పాస్‌వర్డ్ అడిగే వీలు లేక గిట్ ఆగిపోయింది. గిట్ కాన్ఫిగ్‌లో ఆ అడ్రసును ఎస్ఎస్‌హెచ్‌కు మళ్లించండి, లేదా టోకెన్ పెట్టండి.

నా లైబ్రరీని, దాన్ని వాడే ప్రోగ్రామ్‌ను రెండిటినీ ఒకేసారి మారుస్తున్నాను. ప్రతిసారీ ట్యాగ్ వేయాలా?

వద్దు. 1.18 నుంచి దీనికి వర్క్‌స్పేస్ ఉంది. రెండు ఫోల్డర్లకూ పైన ఉన్న ఫోల్డర్‌లో నిలబడి "గో వర్క్ ఇనిట్ ./బిల్లు ./లైబ్రరీ" అనండి. గో.వర్క్ ఫైల్ తయారవుతుంది, అక్కణ్నుంచి ప్రోగ్రామ్ మీ మెషిన్ మీది లైబ్రరీనే వాడుకుంటుంది. గో.వర్క్‌ను మామూలుగా గిట్‌లో పెట్టకూడదు, అది మీ ఒక్కరి అమరిక.

అంతకుముందు ఇదే పనికి గో.మాడ్‌లో "రిప్లేస్" లైను రాసేవాళ్లు. ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ దాన్ని తీయడం మరిచిపోయి కమిట్ చేస్తే మీ హోమ్ ఫోల్డర్ పాత్ పట్టుకుని సీఐ సర్వర్ (కోడ్ మారినప్పుడల్లా తనంతట తనే బిల్డ్, టెస్టులు నడిపేది) తెల్లమొహం వేస్తుంది. పైగా రిప్లేస్ లైను ఉన్న ప్రోగ్రామ్‌ను ఇతరులు "గో ఇన్‌స్టాల్ @లేటెస్ట్"తో ఇన్‌స్టాల్ చేసుకోలేరు.

వెర్షన్ 2 విడుదల చేశాను. ఎవరికీ దిగడం లేదు.

మాడ్యూల్ పేరు చివర /వి2 చేర్చారా? గోలో పాత కోడ్‌ను విరగ్గొట్టే పెద్ద వెర్షన్‌కు పేరే మారాలి. గో.మాడ్ మొదటి లైనులోనూ, మీ సొంత ప్యాకేజీల మధ్య ఇంపోర్ట్‌లలోనూ /వి2 రావాలి. దీనివల్ల ఒకే ప్రోగ్రామ్‌లో వి1, వి2 రెండూ పక్కపక్కన ఉండగలవు. ఈ నియమం చాలామందికి నచ్చదు. నచ్చకపోతే వి1లోనే ఉండి, ఏదీ విరగ్గొట్టకుండా పెంచుకుంటూ పోవచ్చు. వాడేవాళ్లకు అదే హాయి.

పొరపాటు కోడ్‌తో ట్యాగ్ వేశాను. చెరిపేసి అదే పేరుతో మళ్లీ వేయొచ్చా?

ఎవరూ దింపకముందైతే వేయొచ్చు, కానీ ఎవరూ దింపలేదని మీకెలా తెలుస్తుంది? ప్రాక్సీ ఒకసారి కాపీ తీసుకుందంటే, హ్యాష్ ఒకసారి డేటాబేస్‌లో పడిందంటే, అది అలాగే ఉంటుంది. మీరు ట్యాగ్ జరిపితే వాడేవాళ్లకు పైన చెప్పిన చెక్‌సమ్ ఎర్రరే వస్తుంది. ఆ వెర్షన్‌ను వదిలేసి తర్వాతి నంబరు వేయండి, దాని గో.మాడ్‌లో "రిట్రాక్ట్" లైను రాసి, ఎందుకో కామెంట్ పెట్టండి. ఆ వెర్షన్ వాడుతున్నవాళ్లు గో గెట్ కొట్టినప్పుడు హెచ్చరిక కనిపిస్తుంది.

కోడ్ ఫార్మాట్ సెట్టింగ్స్ ఎక్కడున్నాయి? నాకు ట్యాబ్ బదులు నాలుగు స్పేస్‌లు కావాలి.

లేవు. గో ఎఫ్ఎంటీ ట్యాబ్ పెడుతుంది, మీరు సర్దుకోవాలి. కోడ్ రివ్యూలో ఈ చర్చ లేకుండా పోవడం ఎంత సుఖమో కొన్నాళ్లు వాడితే తెలుస్తుంది.

గో వెట్ వేరేగా నడపాలా?

గో టెస్ట్ కొన్ని వెట్ తనిఖీలను ఎలాగూ చేస్తుంది, అన్నీ కాదు. సీఐలో "గో వెట్ ./..." విడిగా పెట్టండి. ప్రింట్ఎఫ్‌లో సంఖ్య రావాల్సిన చోట స్ట్రింగ్ ఇవ్వడం లాంటివి కంపైలర్ వదిలేస్తుంది, వెట్ పట్టుకుంటుంది.

టెస్ట్ ఫలితం పక్కన "క్యాష్డ్" అని వస్తోంది. నిజంగా నడిచిందా?

ఇప్పుడు నడవలేదు. కోడ్, టెస్ట్ చదివే ఫైళ్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఏవీ మారలేదు కాబట్టి గతసారి పాసైన ఫలితాన్నే చూపించింది. డేటాబేస్‌నో బయటి సర్వర్‌నో తాకే టెస్టులైతే ఇది మోసం చేయొచ్చు, అక్కడ మారింది టూల్‌కు తెలియదు. అప్పుడు "గో టెస్ట్ -కౌంట్=1 ./..." అనండి. ఒక విశేషం: ప్యాకేజీ పేరేదీ ఇవ్వకుండా ఉత్త "గో టెస్ట్" అంటే క్యాష్ వాడదు. చుక్క పెట్టినా, మూడు చుక్కలు పెట్టినా వాడుతుంది.

గోరొటీన్లు (ఒకేసారి నడిచే పనులు) వాడే కోడ్ అయితే "-రేస్" కూడా చేర్చండి. మెమరీ ఐదు నుంచి పది రెట్లు, సమయం రెండు నుంచి ఇరవై రెట్లు పెరగొచ్చని అధికారిక డాక్యుమెంటేషనే చెబుతుంది, కాబట్టి ప్రొడక్షన్‌లో కాదు, టెస్టుల్లో. నిజంగా నడిచిన దారిలో ఉన్న రేసులనే (రెండు పనులు ఒకే డేటాను ఒకేసారి తాకే తప్పులనే) ఇది పట్టుకుంటుంది. టెస్ట్ లేని కోడ్ గురించి ఏమీ చెప్పదు.

విండోస్ ల్యాప్‌టాప్ మీద కూర్చుని లైనక్స్ సర్వర్‌కు బిల్డ్ చేయొచ్చా?

చేయొచ్చు, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. గోఓఎస్‌ను లైనక్స్ అని, గోఆర్చ్‌ను ఏఎండీ64 అని సెట్ చేసి గో బిల్డ్ కొట్టడమే. ఏఆర్ఎం సర్వరైతే ఏఆర్ఎం64. పవర్‌షెల్‌లో వేరియబుల్స్‌ను విడి లైన్లలో ముందే సెట్ చేయాలి. లైనక్స్‌లోలాగా కమాండ్ ముందు అదే లైనులో రాస్తే కుదరదు. సీ లైబ్రరీల మీద ఆధారపడిన ప్యాకేజీ ఏదైనా ఉంటే మాత్రం ఇంత తేలిక కాదు.

సర్వర్‌లో నడుస్తున్న బైనరీ ఏ కమిట్‌దో ఎవరికీ గుర్తులేదు.

"గో వెర్షన్ -ఎం" తర్వాత బైనరీ పేరు రాయండి. ఏ గో వెర్షన్‌తో కట్టారు, ఏ లైబ్రరీలు ఏ వెర్షన్లలో ఉన్నాయి అన్నీ చెబుతుంది. 1.18 లేదా ఆ తర్వాతి వెర్షన్‌తో గిట్ రిపో లోపల బిల్డ్ చేసి ఉంటే కమిట్ ఐడీ కూడా ఉంటుంది, కమిట్ చేయని మార్పులతో కట్టారా అన్న సంగతితో సహా. రాత్రిపూట ప్రొడక్షన్ పడిపోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్‌లో బిల్డ్ చేయాలి.

నెట్ ఉన్నచోట "గో మాడ్ వెండర్" కొట్టండి. లైబ్రరీల కోడ్ అంతా మీ ప్రాజెక్టులోనే "వెండర్" ఫోల్డర్‌లోకి వస్తుంది, టూల్ దాన్ని గమనించి తనంతట తనే వాడుతుంది. గో.మాడ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ వెండర్ చేయకపోతే "ఇన్‌కన్సిస్టెంట్ వెండరింగ్" అంటుంది. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో దిద్దకండి, తర్వాతి వెండర్‌కు అన్నీ కొట్టుకుపోతాయి.

డిస్క్ నిండిపోయింది. గో ఫోల్డర్ చెరిపేద్దామంటే "పర్మిషన్ డినైడ్".

దింపిన లైబ్రరీలను ఎవరూ పొరపాటున దిద్దకుండా టూల్ వాటిని రీడ్-ఓన్లీగా పెడుతుంది. సూడో వాడక్కర్లేదు, "గో క్లీన్ -మాడ్‌క్యాష్" చాలు. బిల్డ్ క్యాష్ వేరే చోట ఉంటుంది, దానికి "గో క్లీన్ -క్యాష్".

వేరియబుల్స్‌కు తెలుగు పేర్లు పెట్టొచ్చా?

సరదా ప్రశ్నే, కానీ జవాబు సగం అవును, సగం కాదు. గో సోర్స్ అంతా యూటీఎఫ్-8. "ధర" అనే వేరియబుల్ చక్కగా కంపైల్ అవుతుంది. "పేరు" మాత్రం కాదు. పేర్లలో యూనికోడ్ అక్షరాలు, అంకెలనే గో ఒప్పుకుంటుంది. ధ, ర రెండూ అక్షరాలు. ఏత్వం, కొమ్ము, పొల్లు, సున్నా మాత్రం యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, అక్షరానికి తగిలించే గుర్తులు. కాబట్టి "మొత్తం" కూడా కుదరదు. గుణింతం లేకుండా ప్రోగ్రామ్ రాయడం అయ్యే పని కాదు. పైగా ప్యాకేజీ బయటికి కనపడాల్సిన పేరు పెద్దక్షరంతో మొదలవ్వాలి, తెలుగులో పెద్దక్షరాలు లేవు. మాడ్యూల్ పేరులోనైతే ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే చోటు.

స్ట్రింగులు, కామెంట్లలో తెలుగుకు అడ్డే లేదు. పొడవు కొలిచేటప్పుడు మాత్రం చూసుకోండి: "పేరు" చూడ్డానికి రెండక్షరాలు, గో రూన్‌ల (యూనికోడ్ సంకేతాల) లెక్కలో నాలుగు, లెన్ ఫంక్షన్ చెప్పేది పన్నెండు బైట్లు. బిల్లులో కాలమ్స్ వంకర పోయేది అందుకే.

గో టూల్ నా సమాచారం బయటికి పంపుతుందా?

1.23 నుంచి టెలిమెట్రీ (టూల్ వాడకం లెక్కలు) ఉంది. డిఫాల్ట్‌గా లెక్కలు మీ మెషిన్ మీదే ఉంటాయి, మీరు "గో టెలిమెట్రీ ఆన్" అంటేనే బయటికి వెళ్తాయి. అసలే వద్దంటే "గో టెలిమెట్రీ ఆఫ్".

ఇక్కడ లేని సందేహం వస్తే?

ముందు టెర్మినల్‌లోనే అడగండి. "గో హెల్ప్ మాడ్ టైడీ", "గో హెల్ప్ టెస్ట్‌ఫ్లాగ్", "గో హెల్ప్ ఎన్విరాన్‌మెంట్" లాంటివి నెట్ లేకపోయినా వస్తాయి, సరిగ్గా మీ దగ్గరున్న వెర్షన్‌కు సంబంధించినవే వస్తాయి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "గో వెర్షన్", "గో ఎన్వ్" ఇచ్చే ఫలితం, మీ గో.మాడ్, ఎర్రర్ పూర్తి పాఠం నాలుగూ కలిపి పంపండి. స్క్రీన్ ఫోటో తీసి పంపకండి, అందులోంచి ఎర్రర్‌ను కాపీ చేసుకోలేం. గో ఎన్వ్ ఫలితంలో ఆఫీసు సర్వర్ అడ్రసులు ఉంటే ముందే తీసేయండి.